నా సంగతి ఆవిడ చెప్పిన రోజు

మా ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరైన ఏడాది నుంచి పలాసలో మా ఇంటి వరండాలో ప్రతి ఆదివారం ఒకటే వాదన. వాదించేవాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఆయన, రెండోవారు అంతకు ఏడాది ముందు రిటైరైన పోస్టుమాస్టరుగారు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. చెరోచోట ఉద్యోగాలు చేసి, ముసలితనానికి మళ్ళీ ఒకే ఊరు చేరారు. ఇద్దరికీ అన్నీ కుదిరేవి, ఒక్క విషయం తప్ప. అది తమ పడుచు వయసులో గడిచిన కాలం, అంటే పందొమ్మిది వందల అరవైలు. ఆ పదేళ్ళు మన ప్రాంతానికి ఏం మిగిల్చాయన్నది వాళ్ళ తగువు.

“అరవైల్లో వచ్చిందేటి మాస్టారూ? టెరిలిన్ సొక్కా వచ్చింది, ట్రాన్సిస్టర్ వచ్చింది. మిగతాదంతా మీ నోటిమాటే” అనేవారు పోస్టుమాస్టరుగారు.

“మాటాడ్డం వచ్చింది. అంతకుముందు కూలోడు రైతు ఎదర నిలబడి మాటాడీవోడా?” అనేవారు మా ఆయన.

“మాటాడినాడు. తర్వాతేటైంది? మల్లీ వంగున్నాడు.”

ఇలా పన్నెండయ్యే దాకా సాగేది.

మా ఆయన ఇరవై రెండేళ్ళ వయసులో ఒక నాటక బృందంతో తిరిగారు. పదిమంది కుర్రాళ్ళు పెట్రోమాక్స్ లైట్లు, తెరలు సైకిళ్ళకి కట్టుకుని ఉద్దానం ఊళ్ళన్నీ చుట్టేవారు. కూలిరేట్ల మీద, దెయ్యాల భయాల మీద, ఆడపిల్లల చదువు మీద నాటకాలు వేసేవారు, పాటలు పాడేవారు. అప్పట్లో ఆడవేషం మగవాడే కట్టేవాడు, లేకపోతే ఎక్కడినుంచో నటిని పిలిపించేవారు. ఆ బృందంలో మాత్రం ఒక అమ్మాయి ఉండేది. కొబ్బరితోటలున్న రైతు ఇంటి పిల్ల, మాలాంటి ఇంటి పిల్లే. రెండు జడలు వేసుకుని, వోణీ నడుముకి బిగించి స్టేజీ ఎక్కేది.

వరండాలో వాదన ఎటు తిరిగినా చివరికి ఆవిడ దగ్గరికి వచ్చేది. “ఆ పిల్ల పాట ఎత్తుకుంతే అక్కుపల్లిలో వలలు బాగుసేసుకునీవోలు కూడా పని ఒగ్గీసి వచ్చి కూకునీవోరు” అని మా ఆయన అనగానే పోస్టుమాస్టరుగారు మెత్తబడేవారు. “ఆవిడ సంగతి వేరు, నానేటనను” అనేవారు. ఆ ఒక్కచోటే ఇద్దరికీ రాజీ.

నేను టీ గ్లాసులు తెచ్చి గట్టు మీద పెట్టి, తలుపు పక్కన కాసేపు నిలబడేదాన్ని. ఆవిడ మాట వచ్చినప్పుడు మా ఆయన గొంతులో ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు పలికేవాడు. నా గురించి ఎవరితో మాట్లాడినా ఆ గొంతు వినపడలేదు. అలాగని నాకు ఆయన మీద అనుమానం ఎప్పుడూ లేదు. ఆవిడ ఎవరో ఒడియా లెక్చరర్‌ని పెళ్ళి చేసుకుని బరంపురంలో స్థిరపడిందనీ, పండక్కి ఒక కార్డు ముక్క రాస్తుందనీ ఆయనే నాకు చెప్పారు. ఆ కార్డులు కూడా నాచేతే చదివించేవారు. నాకున్నది అనుమానం కాదు, అసూయ. చిన్నప్పుడు మొదలైంది, మా పెళ్ళికి ఐదేళ్ళ ముందునుంచీ ఉంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ బృందం మా ఊరు వచ్చింది. మాది సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో జీడితోటల మధ్య ఊరు. రామమందిరం ముందు నాటకం వేశారు. చదువుకోవాలని పట్టుబట్టే ఆడపిల్ల కథ అది. ఆవిడే ఆ పిల్ల. నేను చాపమీద అందరికంటే ముందు కూర్చున్నాను. ఆవిడ మాట్లాడుతుంటే నా పెదాలు కూడా కదిలాయని పక్కనున్న మా పిన్ని తర్వాత చెప్పి నవ్వింది. మా అయ్యకి కూడా నాటకం బాగా నచ్చింది. నాటకం వేసినవాళ్ళందరికీ మర్నాడు పొద్దున్న మా చెట్టు బొండాలే కొట్టి ఇచ్చాడు. నేను చెంబుతో నీళ్ళు తీసుకెళితే ఆవిడ నా జడ పట్టుకుని, “ఏ క్లాసమ్మా?” అని అడిగింది. నేను చెప్పాను. “బాగా సదూకో” అంది.

మరో రెండు నెలలకి ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆ కబురు ఉద్దానం అంతా పాకింది. నాటకాలాళ్ళతో లేచిపోయిందన్నారు. ఎవరితో అంటే ఎవరికీ తెలీదు. అసలు ఎవరితోనూ కాదని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. కానీ ఆ నెల్లోనే మా ఊళ్ళో హైస్కూలుకి నడిచి వెళ్ళే ఆడపిల్లలు ఐదుగురినీ ఇళ్ళల్లో కూర్చోబెట్టేశారు. ఆ ఐదుగురిలో నేనొకదాన్ని.

మా అయ్య కోపిష్టి కాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తోటలో జీడిపిక్కలు ఏరుతుంటే పక్కన కూర్చుని, “సదువు సాల్లే తల్లీ. ఆ నాటకాల గుంటకి సదువు ఎక్కువయ్యే కదా ఇలాగైంది. నువ్వూ అలాగెల్లిపోతే నా మొకం ఎక్కడెట్టుకోను” అన్నాడు. హెడ్మాస్టరుగారు మా ఇంటికొచ్చి అడిగారు. ఆయనకీ బొండాం కొట్టి ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు గాని మాట మార్చుకోలేదు. నా పుస్తకాలు మా తమ్ముడికి పనికొస్తాయని అమ్మ అటకమీద పెట్టింది.

అదే మా అయ్య, ఐదేళ్ళ తర్వాత నాకు సంబంధాలు చూస్తూ, ఆ బృందంలో తిరిగిన కుర్రాణ్ణే ఏరికోరి అల్లుణ్ణి చేసుకున్నాడు. అప్పటికి ఆయన మాస్టారయ్యారు. “దేశం సూసిన మడిసి, నలుగురిలో మాటాడగలడు” అని మురిసిపోయాడు. బృందంలో తిరిగిన కుర్రాడు మంచి సంబంధమయ్యాడు. తిరిగిన పిల్ల ఊళ్ళో ఆడపిల్లలకి చెప్పే భయమయింది. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. మా ఆయనకి కూడా పెళ్ళైన కొత్తలో “ఎనిమిదితో మానిపించీసినారు” అని మాత్రం చెప్పాను. ఆయన “అయ్యో” అన్నారు. ఎందుకని అడగలేదు. ఇంటికి వారపత్రికలు, నవలలు తెచ్చి ఇచ్చేవారు. చదువుతూ కాలం గడిపాను.

వరండా వాదన కొన్నాళ్ళకి టెక్కలి దాకా పోయింది. అక్కడ పుస్తకాలు చదివే కుర్రాళ్ళు నలుగురైదుగురు ఒక ఆదివారం మా ఇంటికొచ్చి ఇద్దరి మాటలూ విని సరదాపడ్డారు. వేసవి సెలవుల్లో ఒక స్కూలు హాల్లో దీన్నే సభగా పెడతామన్నారు. అరవైలు మనకేం మిగిల్చాయన్నదే అంశం. పోస్టుమాస్టరుగారు ఏమీ మిగల్చలేదని మాట్లాడాలి, మా ఆయన మిగిల్చిందని మాట్లాడాలి. చివర్లో ఆవిడ మాట్లాడాలి. మా ఆయన ఆ పూటే బరంపురానికి ఉత్తరం రాశారు. పది రోజుల్లో జవాబు వచ్చింది. ఆవిడ వస్తోంది. సభకి ముందురోజు వచ్చి మా ఇంట్లోనే దిగుతుంది.

అప్పటినుంచి ఆవిడ వచ్చేదాకా నేను ఇల్లు కడిగాను. గోడలకి సున్నం వేయించాను. ఆవిడ లావెక్కి ఉండాలని, మోకాళ్ళ నెప్పులతో వంగి నడవాలని మనసులో కోరుకున్నాను. రాస్తుంటే సిగ్గుగానే ఉంది, కానీ కోరుకున్నాను.

పాసింజరు దిగి, రిక్షా వద్దని స్టేషన్ నుంచి నడిచే వచ్చిందావిడ. సన్నగా, నిటారుగా ఉంది. జుట్టు తెల్లబడింది గాని రంగు వేయలేదు. సంబల్పూరు నేతచీర కట్టుకుంది. నేను గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకున్న చీరలో బిగుసుకుపోయి గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన సంచీ పట్టుకుని వెనకాల వస్తూ, ఆవిడ చెప్పినదానికి గట్టిగా నవ్వుతున్నారు. ఆ నవ్వు ఎదురింటివాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

“నువ్వేనేటి సెల్లీ” అని నా రెండు చేతులూ పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఒడియా ఊళ్ళో ఉన్నా మాట మాత్రం మా ఊరి మాటే. నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఏముంది, వందమంది పిల్లల జడలు పట్టుకుని ఉంటుంది. వరసకి అక్క కాబట్టి నేను అప్పా అని పిలవాలి. సాయంత్రం దాకా ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను. వరండాలో పోస్టుమాస్టరుగారితో కలిపి ముగ్గురూ కూర్చుని పాత సంగతులు తవ్వుకున్నారు. ఏ ఊళ్ళో వాన కురిసి తెర కొట్టుకుపోయింది, ఏ ఊళ్ళో మునసబు కుర్చీ వేయించి మరీ తిట్టాడు, అన్నీ. ఒక మాట ఆవిడ మొదలుపెడితే మా ఆయన పూర్తిచేస్తున్నారు. నేను లోపల పప్పు రెండుసార్లు మాడ్చాను.

మర్నాడు పొద్దున్న మా పుట్టింటినుంచి పనసకాయ వచ్చింది. ఆవిడ నా పక్కన పీట వేసుకుని కూర్చుని, చేతులకి నూనె రాసుకుంది. నేను కత్తిపీట మీద కోసి ఇస్తుంటే ఆవిడ తొనలు తీస్తోంది. ఇద్దరి చేతులూ జిగురు.

“మీదే ఊరమ్మా?” అని అడిగింది.

ఊరి పేరు చెప్పాను.

“ఓ, మీ ఊర్లో నాటకమేసినాం కాదేటి. రామమందిరం కాడ. పొద్దున్న ఎవులో బొండాలు కొట్టి ఇచ్చినారు.”

“మా అయ్యే” అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. “మీరు ఎల్లిపోయిన నెల్లో మా అయ్య నా సదువు మానిపించీసినాడు. నన్నొక్కదాన్నే కాదు, మా ఊర్లో ఐదుగురిని. ఆ గుంటలాగ అవుతారనీసి.”

ఆవిడ చేతిలో తొన అలాగే ఉండిపోయింది.

“నాకు తెల్దు సెల్లీ.”

“మీకెలా తెలుత్తాది.”

తొన గిన్నెలో పెట్టింది. తర్వాత నెమ్మదిగా, “నానెల్లకపోతే నన్ను మా నాన ఒక రెండో పెల్లోడికి ఇచ్చీసీవోడు. ముగ్గురు పిల్లలు ఆయనకి. మూర్తం కూడా ఎట్టీసినారు. ఎవుల్తోనూ ఎల్లలేదు నాను. విజీనారంలో ఒక టీచరమ్మ దగ్గర ఉండి టెంతు రాసినాను” అంది.

అది విన్నాక నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకే మళ్ళీ అసూయ. పారిపోవడానికి ఆవిడకి ఒక కారణం దొరికింది. మా అయ్య మంచివాడు. మంచివాడి ఇంట్లోంచి ఎవరు పారిపోతారు?

“ఆ ఐదుగురూ ఇప్పుడెక్కడున్నారు?” అని అడిగింది. చెప్పాను. ఒకామె మొదటి కానుపులో పోయింది. ఇద్దరు అక్కడే పొలాలు చేసుకుంటున్నారు. ఒకామె ఇక్కడే, మా ఇంటికి రెండు వీధుల అవతల జీడిపప్పు ఫేక్టరీలో పప్పు పొట్టు తీస్తోంది. ఐదోదాన్ని నేను. ఆవిడ వేళ్ళకంటిన జిగురు నూనెతో తుడుచుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నం బస్సులో టెక్కలి వెళ్ళాం. హాలు నిండింది, అందులో కాలేజీ ఆడపిల్లలు చాలామంది. నేను మూడో వరసలో కూర్చున్నాను. పోస్టుమాస్టరుగారు బాగా మాట్లాడారు. పాటలు మిగిలాయి, పాట పాడినవాళ్ళకి సన్మానాలు మిగిలాయి, ఎవరి గురించి పాడారో వాళ్ళు అక్కడే ఉన్నారు అన్నారు. మా ఆయన లేచి, ఆలోచించే అలవాటు మిగిలిందన్నారు. ఆడవాళ్ళు గడప దాటిన కాలం అదేనన్నారు. దాటినావిడ ఇక్కడే ఉందని ఆవిణ్ణి చూపించారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, పక్కావిడ చూస్తోందని.

ఆవిడ మైకు ముందుకొచ్చి, తెచ్చుకున్న కాగితాలు మడిచేసింది. తను ఇల్లు వదిలిన సంగతి చెప్పింది. తర్వాత, అందువల్ల ఒక ఊళ్ళో ఐదుగురు పిల్లల చదువు ఆగిపోయిందని తనకి ఇవాళ పొద్దున్న తెలిసిందని చెప్పింది. అది ఏ నాటకం వేసిన ఊరో, ఆ నాటకం దేని గురించో చెప్పింది. ఐదుగురూ ఏమయ్యారో ఒక్కొక్కరినే చెప్పింది. ఆవిడకి గొంతు ఎక్కడ ఆపాలో తెలుసు. ఎక్కడ తగ్గించాలో తెలుసు. నేను ముప్పై అయిదేళ్ళకి పైగా లోపల పెట్టుకున్నది ఆవిడ నోట్లో అంత చక్కగా అమరింది.

“ఆ ఐదుగురిలో ఒకరు ఈ హాల్లో ఉన్నారు. ఆమె లేచి మాట్లాడితే నేను కూర్చుంటాను” అంది.

నేను లేవలేదు. ఎవరా అని తలలు తిరిగాయి. ఎవరి చూపూ నా దగ్గర ఆగలేదు. రెండో వరసలో ఒక లెక్చరరమ్మని చాలామంది చూశారు. మైకు దగ్గరున్నావిడ ఇంకో రెండు మాటలు చెప్పి స్టేజీ దిగింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అంతకుముందు మా ఆయన మాటలకి వచ్చినవాటికంటే ఎక్కువ. ఆడపిల్లలు ఆవిడ చుట్టూ మూగి నోటుపుస్తకాల్లో సంతకాలు పెట్టించుకున్నారు. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని గోడవార నిలబడ్డాను. నాకు అంతవరకూ ఆవిడమీద ఉన్న అసూయ ఒక ఎత్తు, ఆ అరగంట ఒక ఎత్తు. నా చదువు పోయినందుకు కూడా చప్పట్లు ఆవిడకే వచ్చాయి.

తిరుగు బస్సులో ఆవిడా నేనూ ఒక సీటులో కూర్చున్నాం. మా ఆయన, పోస్టుమాస్టరుగారు వెనక ఎక్కడో. బస్సు టెక్కలి దాటాక అడిగేశాను.

“నా సంగతి మీరేల సెప్పీసినారు?”

“నువ్వు లేచి సెప్తావనుకున్నాను.”

“ఒక్క నిమిసంలో లేచి సెప్పడానికి నానేటి మీలాగ స్టేజీలెక్కినానా?”

ఆవిడ నా వైపు తిరిగింది. “తప్పు సేసినాను. నిన్నడిగి సెప్పాల” అంది. అంతే. సమర్థించుకోలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం కూడా నాకు రాదు. దానికి కూడా అసూయపడ్డాను. అయినా ఆ మాటతో నాలో ఏదో సడలింది. పలాసలో దిగేటప్పుడు, “జాగర్త అప్పా, మెట్టు ఎత్తు” అన్నాను. మొదటిసారి వరస పెట్టి పిలిచానని దిగాక గమనించాను.

మర్నాడు ఆవిణ్ణి రైలెక్కించి వచ్చాక మా ఆయన చాలాసేపు పేపరు తిరగేశారు. తర్వాత అన్నారు: “మీ ఇంట్లో జరుగుబాటు లేక మానిపించినారనుకున్నాను, ఇన్నాళ్ళూ.”

“జరుగుబాటుకి లోటు లేదు. మీ నాటకం మా ఊరు రాకపోతే నా సదువు సాగీది.”

నాలుగు ఆదివారాలు వరండాలో అరవైల మాట రాలేదు. కొబ్బరికాయల ధర గురించి, మూలపేట దగ్గర ఉప్పుమళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఐదో ఆదివారం పోస్టుమాస్టరుగారు లోపలికి కేకేశారు.

“అమ్మా, ఒకపాలి ఇలాగొచ్చి కూకో. మాకిద్దరికీ తెగట్లేదు.”

చెయ్యి తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా మాట తన పక్షమే అవుతుందనుకున్నారు. “సెప్పు. అరవైలు నీకు మిగిల్సిందేటి? ఉన్నది ఊడబెరికింది, అంతే కదా?”

“కాదు బావుగారూ” అన్నాను. “ఒక ఆడపిల్ల స్టేజీమీద నిలబడి మాటాడ్డం సూసినాను. అది సూడకపోతే నాకు ఇంత కడుపుమంట ఉండీది కాదు. మా అమ్మకి లేదు. మా పిన్నికి లేదు. ఆలిద్దరూ ఎనిమిదో క్లాసు పేరే ఎత్తలేదు.”

“అయితే మంచిదే అంతావా?” అన్నారు మా ఆయన, ఆశగా.

“మంచిదని నానెప్పుడన్నాను? సదువు పోయింది నాది కదా.”

పోస్టుమాస్టరుగారు టీ చల్లారిందని విసుక్కున్నారు. ఆ వేళ వాదన ఎవరి పక్షానా తేలలేదు. కానీ ఆ తర్వాత ఆదివారాలు వరండాలో మూడు కుర్చీలు వేసేవాళ్ళం. టీ వారం విడిచి వారం మా ఆయన పెట్టేవారు, నీళ్ళగా.

మరుసటి ఏడాది టెక్కలి కుర్రాళ్ళు సభలో మాట్లాడినవన్నీ చిన్న పుస్తకంగా వేశారు. ఆవిడ ఉపన్యాసం తిప్పి చూశాను. తను ఇల్లు వదిలిన దాకా ఉంది. ఐదుగురి సంగతి లేదు. ఆ చోట ఒక వాక్యం మాత్రం ఉంది: తర్వాత నేను చెప్పినది నాది కాదు, అచ్చువేసే హక్కు నాకు లేదు. నాకు మొదట తృప్తిగా అనిపించింది. సాయంత్రానికి చిరాకు వచ్చింది. ఆవిడ చెప్పినప్పుడు నాది లాక్కుందని మండిపడ్డాను. ఇప్పుడు తిరిగి ఇచ్చేసింది, చేతిలో పెట్టుకుని ఏం చేసుకోను? ఇక అది ఎక్కడా లేనట్టే.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు లాంగ్ నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను. చెయ్యి తిరగక మూడు వారాలు పట్టింది. ఎనిమిది పేజీలు వచ్చాయి. ఆవిడకి ఉత్తరం రాసి చెప్పాను. నాటకంలో తను వేసుకున్న వోణీ రంగు నేను ఎర్రది అని రాశాను, అది నీలం అని జవాబు రాసింది. నేను ఎర్రదనే ఉంచాను.

టెక్కలి కుర్రాళ్ళకి పంపేముందు తప్పులు దిద్దమని మా ఆయనకి ఇచ్చాను. వరండాలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, స్కూలు కాగితాలు దిద్దినట్టే ఎర్రకలంతో దిద్దారు. వత్తులు పెట్టారు, దీర్ఘాలు పెట్టారు. కాగితాలు వెనక్కి ఇస్తూ, “బాగుంది” అని ఆగి, “చాలా బాగుంది” అన్నారు. లోపలికి తెచ్చి చూసుకున్నాను. నేను అసూయ అని రాసిన ప్రతిచోటా కొట్టేసి, పైన బాధ అని రాశారు. తొమ్మిది చోట్ల. వత్తులు, దీర్ఘాలు ఆయన దిద్దినట్టే ఉంచాను. ఆ తొమ్మిది చోట్లా బాధ కొట్టేసి మళ్ళీ అసూయ అని రాసి, ఆయనచేతే పోస్టు చేయించాను.